12 వోల్టులుంటే సరిపోతుందా?



పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరాలి. తాళం తిప్పితే కారు ‘టిక్’మంటుంది, అంతే. రాత్రి హెడ్‌లైట్లు ఆర్పడం మరిచిపోయారు, బ్యాటరీ దిగిపోయింది. మెకానిక్కు ఫోను చేస్తే పదింటికి గాని రానంటాడు. అప్పుడు ఆ ఇంట్లో ఇంజనీరింగు చదివే కుర్రాడికి ఒక ఆలోచన వస్తుంది. కారు బ్యాటరీ 12 వోల్టులు. అటక మీద పడున్న పాత కంప్యూటర్లో కరెంటిచ్చే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ ఉంది, అది కూడా 12 వోల్టులే ఇస్తుంది. దాన్నుంచి రెండు తీగలు లాగి కారుకు తగిలిస్తే, ఇంజన్ను తిప్పే సెల్ఫ్ మోటారు తిరగదా?

నేరుగా తగిలిస్తే తిరగదు. సమాధానం ఒక్క ముక్కలో అయిపోయింది. కానీ ఎందుకు తిరగదో విడమర్చి చెప్పుకుంటే, మన ఇళ్లలో చార్జర్ల మీద, అడాప్టర్ల మీద, ఇన్వర్టర్ల మీద ముద్రించిన అంకెల్లో ఏది దేన్ని చెబుతుందో తెలిసొస్తుంది. అందుకే ఈ పది పదిహేను నిమిషాలు ఆ కుర్రాడి ప్రశ్నకే కేటాయిద్దాం.

ముందు ఆ రేకు పెట్టెను చేతిలోకి తీసుకుందాం. ఒక వైపు ఫ్యాను, పవర్ కార్డు పెట్టుకునే చోటు. ఇంకో వైపు రంగురంగుల తీగల కట్ట. ఈ రంగులకు ఒక పద్ధతి ఉంది. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని తెచ్చింది. అప్పట్నుంచి మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్లన్నీ దాదాపు ఆ పద్ధతిలోనే వస్తున్నాయి. నారింజ తీగ 3.3 వోల్టులు, ఎర్ర తీగ 5 వోల్టులు, పసుపు తీగ 12 వోల్టులు, నల్ల తీగలు గ్రౌండు. ఆకుపచ్చ తీగ ఒకటి ఉంటుంది. దాన్ని నల్ల తీగతో కలిపితే గాని పెట్టె పని మొదలుపెట్టదు. కంప్యూటర్లో ఆ కలిపే పని మదర్‌బోర్డు చేస్తుంది.

ఇప్పుడు పక్కనున్న స్టిక్కరు చదవండి. పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల పట్టిక. 12 వోల్టులకు ఎదురుగా, మంచి రకమైతే 30 నుంచి 36 ఆంపియర్లని రాసి ఉంటుంది. పాత చౌకరకం పెట్టెల్లో చాలావాటికి అక్కడ 15, 16 మాత్రమే కనిపిస్తుంది. ఎవరూ చదవని ఆ చిన్న అంకెలోనే మన ప్రశ్నకు జవాబుంది.

ఇక బానెట్ ఎత్తి కారు వైపు చూద్దాం. సెల్ఫ్ మోటారు చిన్నదే, రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. దాని కొసన తొమ్మిది పది పళ్లున్న చిన్న చక్రం ఉంటుంది. తాళం తిప్పగానే అది ముందుకు జరిగి, ఇంజన్ వెనక వందకు పైగా పళ్లున్న పెద్ద చక్రాన్ని పట్టుకుంటుంది. సెల్ఫ్ పది పన్నెండు చుట్లు తిరిగితే ఇంజన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. సిలిండర్లలో గాలిని నొక్కాలి, రాత్రంతా నిలిచి చిక్కబడిన ఆయిల్లో పిస్టన్లను కదపాలి, నిమిషానికి దాదాపు రెండు వందల చుట్ల వేగం అందుకోవాలి. ఆ తర్వాత ఇంజన్ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది.

ఈ పనికి చిన్న పెట్రోలు కారు 100 నుంచి 150 ఆంపియర్లు లాగుతుంది. డీజిలు బండైతే 250, 300 దాటినా వింత లేదు. అదీ తిరగడం మొదలయ్యాకే. తిరగకముందు, తొలి క్షణంలో, సంగతి ఇంకా గట్టిగా ఉంటుంది. తిరుగుతున్న మోటారు తనలో తానే ఒక ఎదురు వోల్టేజిని పుట్టించుకుంటుంది, వచ్చే కరెంటును అదే అదుపులో ఉంచుతుంది. ఆగి ఉన్న మోటారుకు ఆ ఎదురు వోల్టేజి ఉండదు. లోపల ఉన్నది లావుపాటి రాగి తీగ చుట్లు, వాటి నిరోధం ఓమ్‌లో వందో వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకని కళ్లు మూసి తెరిచేలోపు, నడిచేటప్పుడు లాగే దానికి రెండు మూడు రెట్ల కరెంటును ఒక్కసారి లాగేస్తుంది. మన పెట్టె 36 ఇవ్వగలదు. ఇక్కడ అడుగుతున్నది మూడు నాలుగు వందలు.

“రెండూ 12 వోల్టులే కదా” అన్న మాట ఇక్కడే బోల్తా పడుతుంది. నిజానికి కారును స్టార్ట్ చేయడానికి 12 వోల్టులే కావాలన్న నియమం ఎప్పుడూ లేదు. 1950ల దాకా ప్రపంచంలో ఎన్నో కార్లు 6 వోల్టుల బ్యాటరీతోనే నడిచాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అయితే 1960ల నడిమి దాకా 6 వోల్టులతోనే వచ్చింది. వోల్టులు సగమైనందుకు ఆ కార్లు స్టార్ట్ కాకుండా పోలేదు, ఆంపియర్లు మాత్రం రెట్టింపు లాగాయి. తీగలు ఇంకా లావుగా పెట్టుకున్నారు. 6 వోల్టుల బ్యాటరీ తిప్పిన ఇంజన్ను 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ తిప్పలేకపోతుందంటే, లోపం వోల్టుల్లో లేదని తేలిపోతోంది కదా.

పోనీ, ఇంజన్ను తిప్పడానికి బోలెడంత శక్తి కావాలా అంటే అదీ కాదు. లెక్క వేసి చూద్దాం. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి 10 దగ్గరికి దిగుతుంది. 10 వోల్టులు, 150 ఆంపియర్లు, అంటే 1500 వాట్లు. మూడు సెకన్లు తిప్పితే 4500 జౌళ్లు. ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఎనిమిది నిమిషాలు వెలగడానికి అయ్యే ఖర్చు అది. మీ జేబులో 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల ఫోను ఉంటే, దాని బ్యాటరీలో ఇంచుమించు 69 వేల జౌళ్లు దాగి ఉన్నాయి. కాగితం మీది లెక్క ప్రకారం కారును పదిహేను సార్లు స్టార్ట్ చేయవచ్చు. కానీ ఆ శక్తిని ఫోను బ్యాటరీ గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇవ్వగలదే తప్ప, మూడు సెకన్లలో గుమ్మరించలేదు.

ఒక ఊళ్లో మెస్సు ఉందనుకోండి. పొద్దుట్నుంచి రాత్రి దాకా మూడొందల మందికి భోజనం పెడుతుంది, ఎవరూ ఆకలితో వెళ్లరు. అదే మెస్సుకు వెళ్లి, ముహూర్తం దాటిపోతోంది, మూడొందల మందినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి వడ్డించండి అంటే? బియ్యం చాలకపోవడం కాదు. గుండిగలు, గరిటెలు, వడ్డించే చేతులు చాలవు. ఎస్‌ఎంపీఎస్ ఆ మెస్సు. కారు బ్యాటరీ పెళ్లి వంటవాళ్ల బృందం.

సెల్ఫ్ మోటారు పుట్టుకలోనే ఈ సూత్రం ఉంది. వందేళ్ల కిందట కార్లను ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవారు. ఇంజన్ ఒక్కోసారి వెనక్కి తన్నేది, మణికట్లు విరిగేవి. అమెరికాలో డేటన్ అనే ఊళ్లో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు ఉండేవాడు. అంతకుముందు ఆయన దుకాణాల్లో డబ్బు లెక్కలు చూసే క్యాష్ రిజిస్టర్ల కంపెనీలో పనిచేస్తూ, ఆ రిజిస్టరుకు ఒక చిన్న విద్యుత్ మోటారు అమర్చాడు. ఆ మోటారు రోజంతా తిరగాల్సిన పని లేదు, బిల్లు కొట్టినప్పుడు ఒక్క క్షణం గట్టిగా తిరిగితే చాలు. అందుకని దాన్ని మితిమీరి వాడినా కాలిపోయేలోపు పని ముగిసిపోతుంది. కారు ఇంజన్ను తిప్పాలంటే ఇంజనంత మోటారు కావాలని చాలామంది అనుకుంటున్న రోజుల్లో, కెటరింగ్ ఈ కిటుకునే కారుకు పట్టుకొచ్చాడు. అలా 1912 మోడల్ క్యాడిలాక్ కారు విద్యుత్ స్టార్టరుతో బజారులోకి వచ్చింది. ఇవాళ్టికీ మెకానిక్కులు “సెల్ఫ్ ఆపకుండా కొట్టకండి, కాసేపు ఆగి కొట్టండి” అనేది ఇందుకే. ఆ మోటారు కొన్ని సెకన్ల మనిషి.

దానికి తగ్గ జోడీ సీసం బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన వస్తువు ఇది. నూట అరవై ఏళ్లు దాటినా కారు ముందు భాగంలో దాని చోటు దానిదే. ఒక్కో గదిలో రెండు వోల్టుల పైచిలుకు, ఆరు గదులు కలిపి 12.6. కారు బ్యాటరీ గదుల్లో పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. పలకలు పల్చనైన కొద్దీ ఆమ్లాన్ని తాకే వైశాల్యం పెరుగుతుంది. వైశాల్యం పెరిగిన కొద్దీ ఒకేసారి ఎక్కువ కరెంటు బయటికొస్తుంది. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీ తీరు వేరు. దానిలో పలకలు మందంగా ఉంటాయి. గంటల తరబడి ఫ్యాన్లు తిప్పి, లోతుగా దిగిపోయి, మళ్లీ నిండడం దాని పని. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే చిన్న కారు ఇంజన్ను తిప్పేస్తుంది గాని, అది దాని వృత్తి కాదు. పైగా యాభై కిలోల బరువును మెట్లు దింపాలి!

మన తెలుగు నేలకు ఈ బ్యాటరీలతో దగ్గరి చుట్టరికమే ఉంది. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గర కరకంబాడిలో కారు బ్యాటరీలు తయారుచేస్తోంది. వాతావరణం సంగతికొస్తే, చలి దేశాల్లో బ్యాటరీలు మంచుకాలం పొద్దున్న మొరాయిస్తాయి. మన దగ్గర వాటి ఆయుష్షును తినేది ఎండ. లోపలి పలకలు త్వరగా తుప్పుపడతాయి, నీరు ఆవిరవుతుంది.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ కడుపులో ఏముందో చూద్దాం. మూత తీయవద్దు, మాటల్లోనే చూద్దాం. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని అది ముందు 325 వోల్టుల దాకా డీసీగా మార్చి ఒక పెద్ద కెపాసిటర్లో నింపుకుంటుంది. ఆ డీసీని సెకనుకు లక్ష సార్ల చొప్పున ముక్కలు చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా దించి, 12 వోల్టులు చేసి ఇస్తుంది. మరి ఆ కెపాసిటర్లో ఎంత నిల్వ? 330 మైక్రోఫారడ్లయితే సుమారు 17 జౌళ్లు. కారుకు కావాల్సింది 4500. ఆ 17తో సెల్ఫ్ సెకనులో వందో వంతు సేపు తిరుగుతుంది. గోడ సాకెట్టు నుంచి లాగుదామన్నా, కంప్యూటరు పెట్టుకునే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. దాని మొత్తం శక్తి 1380 వాట్లు. సెల్ఫ్ అడిగేది 1500. సాకెట్టే చాలని చోట పెట్టెను అని ఏం లాభం?

పోనీ, పెట్టె ఎలాగో తెగించి అంత కరెంటు ఇచ్చిందే అనుకుందాం. ఆ పసుపు తీగ మందం ఒక మిల్లీమీటరు. అలాంటి తీగ మీటరు పొడవుకు ఓమ్‌లో యాభయ్యో వంతు నిరోధం చూపిస్తుంది. 150 ఆంపియర్లు పోతే ఒక్క మీటరు తీగలోనే 3 వోల్టులు మాయమవుతాయి, తీగ పైతొడుగు మెత్తబడి కాలిన వాసన వస్తుంది. కారు బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళ్లే కేబులు వేలంత లావుగా ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది.

సరే, మన కుర్రాడు ఎవరి మాటా వినకుండా తగిలించేశాడే అనుకుందాం. కారు బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు. పసుపు తీగలన్నీ కలిపి పాజిటివ్‌కు, నల్ల తీగలన్నీ నెగెటివ్‌కు కట్టాడు. తాళం ఒక మెట్టు తిప్పాడు. డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగాయి, రేడియో కూడా పాడింది! వీటికి కావాల్సింది నాలుగైదు ఆంపియర్లే మరి. గెలిచాననుకుని తాళం చివరిదాకా తిప్పాడు. సెల్ఫ్‌కు కరెంటు కలిపే సోలినాయిడ్ ఒక్కసారి ‘టక్’మంది. అదే క్షణంలో లైట్లు పోయాయి, రేడియో ఆగింది, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను కూడా ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పినా చలనం లేదు. ఎస్‌ఎంపీఎస్ స్విచ్చి ఆపి, కాసేపాగి వేస్తే గాని తిరిగి ప్రాణం రాదు.

పెట్టె చెడిపోలేదు, తనను తాను కాపాడుకుంది. కరెంటు హద్దు దాటినా, వోల్టేజి పడిపోయినా వెంటనే కట్టేసుకోవడం దానికి నేర్పిన చదువు. దాని వెనక ఉండేది ఒక వోల్టు దరిదాపుల్లో పనిచేసే ప్రాసెసరు. దానికి చేరే వోల్టేజిలో తేడా రాకూడదు. 12 వోల్టులన్నది 11.4కు తగ్గకూడదు, 12.6కు మించకూడదు, అదీ దానికి పెట్టిన గీత. సెల్ఫ్ కొట్టినప్పుడు కారు బ్యాటరీ 10 వోల్టులకు కుంగిపోతుంది, మళ్లీ లేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఎస్‌ఎంపీఎస్ కుంగడం నేర్చుకోలేదు. ఒక పనికి దాని మంచితనమే ఇంకో పనికి అడ్డమైంది.

మరి పదునైన శ్రోత ఒకరు ఇలా అడగవచ్చు: “ఒక్కసారిగా ఇవ్వలేకపోతే పోనివ్వండి, మెల్లమెల్లగా బ్యాటరీని చార్జి చేయవచ్చు కదా?” మంచి ప్రశ్నే. చిక్కేమిటంటే, సీసం బ్యాటరీ నిండాలంటే దానికి 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఇవ్వాలి. మన పెట్టె ఇచ్చేది 12. సగం నిండిన బ్యాటరీయే విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.2 చూపిస్తుంది. అంటే సగం దాకా కూడా నింపలేదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి తగిలిస్తే మొదట్లో ఎక్కువ కరెంటు లాగుతుంది, పెట్టె మళ్లీ కట్టేసుకోవచ్చు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎలాగో ఇంజన్ స్టార్ట్ అయిందంటే, కారు ఆల్టర్నేటరు 14 వోల్టులు పుట్టించి ఎస్‌ఎంపీఎస్ మీదికే ఎదురు పంపుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఆ పెట్టెను తయారుచేయలేదు.

కొందరు లోపలి సర్క్యూట్ మార్చి 12ను 13.8కి పెంచుతుంటారు. చేయి తిరిగిన ఎలక్ట్రానిక్స్ వాళ్లకు అది సాధ్యమే. మిగతావాళ్లు ఆ మూత జోలికి పోవద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. షాకు కొడితే అది ప్రాణం తీసే షాకు.

అయితే ఎస్‌ఎంపీఎస్‌తో కారు స్టార్ట్ కావడానికి ఒక దారి మాత్రం ఉంది. నడుమ ఒక నిల్వ పెట్టడం. సూపర్ కెపాసిటర్లని ఇప్పుడు దొరుకుతున్నాయి. ఒక్కోటి 2.7 వోల్టులది. 500 ఫారడ్లవి ఆరింటిని వరసగా కలిపితే, కరెంటు పదికి మించకుండా అదుపు చేస్తూ ఎస్‌ఎంపీఎస్ వాటిని రెండు నిమిషాల లోపే 12 వోల్టులకు నింపగలదు. అవి 8 వోల్టులకు దిగేలోపు సుమారు 3300 జౌళ్లు ఇస్తాయి. చిన్న పెట్రోలు ఇంజన్ను రెండు సెకన్లు తిప్పడానికి అవి సరిపోతాయి. రెండు నిమిషాలు కూడబెట్టినదాన్ని రెండు సెకన్లలో ఖర్చుపెట్టడం. ఇవాళ బజారులో అరచేతిలో పట్టే జంప్ స్టార్టర్లు అమ్ముతున్నారు కదా, వాటి పద్ధతి కూడా ఇదే. లోపల ఉన్నవి ఒక్కసారిగా వందల ఆంపియర్లు వదలగలిగే లిథియం సెల్స్. ఫోను చార్జరుతోనే నింపుకోవచ్చు, కారును స్టార్ట్ చేయవచ్చు.

చివరగా, ఆఫీసు టైమైపోతున్న ఆ ఇంటాయన ఏం చేయాలి? గేర్ల బండి అయితే ఇద్దరు మనుషులు తోస్తే చాలు. తాళం ఆన్‌లో ఉంచి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి ఉంచి, బండి కాస్త వేగం అందుకోగానే క్లచ్ వదలాలి. ఆటోమేటిక్ బండికి ఈ ఉపాయం పనికిరాదు. పక్కవాళ్ల కారు ఉంటే జంపర్ కేబుళ్లు వాడవచ్చు. ఎర్రది ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. దాని చివరి కొసను మాత్రం దిగిపోయిన బ్యాటరీకి పెట్టకండి. దానికి దూరంగా, రంగు వేయని ఇంజన్ లోహానికి పట్టించండి. ఎందుకంటే చివరి కలయికలో నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు, గాలిలో అది నూటికి 4 వంతులున్నా అంటుకుంటుంది. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా దాని దగ్గరకే పోవద్దు. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే, స్టార్ట్ అయ్యాక ఆఫీసు కంటే ముందు బ్యాటరీ షాపుకు వెళ్లడం మేలు. అక్కడ లోడ్ టెస్టర్ పెట్టి చూస్తారు. ఊరికే వోల్టులు కొలవరు, గట్టిగా కరెంటు లాగి, అప్పుడు వోల్టులు ఎంతకు దిగుతున్నాయో చూస్తారు. బ్యాటరీ సత్తువ బయటపడేది అప్పుడే.

మన కుర్రాడు కూడా ఆ షాపతనిలాగే ‘ఎంత కరెంటు ఇవ్వగలదు?’ అని అడిగి ఉంటే సరిపోయేది. ఏ పెట్టె మీదైనా వోల్టులు చదివి ఆగిపోకండి, పక్కనే ఉన్న ఆంపియర్లు కూడా చదవండి. వోల్టులు కలిస్తే తగిలించవచ్చేమో గాని, పని జరుగుతుందా లేదా తేల్చేది ఆంపియర్లే. కుర్రాడి ఎస్‌ఎంపీఎస్ మాత్రం వృథా పోనక్కర్లేదు. 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీలకో, కారు టైర్లలో గాలి నింపే చిన్న పంపుకో, అది అడిగే ఆంపియర్లు స్టిక్కరు మీదున్న అంకెకు లోబడి ఉంటే, హాయిగా వాడుకోవచ్చు.